కోపం సరే, వ్యాసం ఏదమ్మా?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. లీడ్స్‌లో చలి సంగతీ, నీ చదువు సంగతీ మీ నాన్న చెబుతూనే ఉన్నాడు కాబట్టి కుశల ప్రశ్నలు పక్కన పెట్టి నేరుగా విషయానికొస్తాను. బ్రిటన్‌లో రిఫార్మ్ పార్టీ నాయకుడు ఫరాజ్, అమెరికాలో ట్రంప్, వాళ్లకి డప్పు కొట్టే పేపర్లు, ఛానెళ్లు, అవి చూసి ఓట్లేసే జనం, అందరినీ ఒకే గాటన కట్టి ఉతికి ఆరేశావు. నీకు ఒళ్లు మండిందని ప్రతి లైన్లోనూ తెలుస్తోంది. ఎందుకు మండిందో మాత్రం ఆఖరి పేజీ దాకా తెలియలేదు.

ఒక పని చెయ్యి. నీ మొదటి రెండు పేజీల్లో ట్రంప్ అన్నచోట బైడెన్ అనీ, ట్రంప్ పక్షపు ఛానెల్ ఫాక్స్ న్యూస్ అన్నచోట న్యూయార్క్ టైమ్స్ అనీ మార్చి చదువు. 'అమ్ముడుపోయిన మీడియా', 'గొర్రెల మంద', 'దేశాన్ని ముంచేస్తున్న నాయకులు', ఒక్క మాట కూడా కదిలించక్కర్లేదు. ట్రంప్ అభిమాని ఎవరైనా దాన్ని హాయిగా తన పేరుతో వేసుకోవచ్చు. అలాంటి వ్యాసానికి లైకులొస్తాయి. ముందే నీతో ఏకీభవించేవాళ్లు ఇంకోసారి ఏకీభవిస్తారు.

నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసిన ఎర్ర బస్సు సంగతే తీసుకో. 2016లో బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి పోవాలన్న ప్రచారంలో ఆ బస్సు మీద ఏం రాశారు? వారానికి 35 కోట్ల పౌండ్లు యూరోపియన్ యూనియన్‌కి పంపుతున్నాం, ఆ డబ్బేదో మన ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌కి పెడదాం అని. 'పచ్చి అబద్ధం' అనేసి నువ్వు ముందుకెళ్లిపోయావు. ఆగాల్సింది అక్కడే. 1984లో అప్పటి ప్రధాని థాచర్ ఆ చెల్లింపులో గట్టిగా బేరమాడి తెచ్చుకున్న రాయితీ ఒకటి ఉంది. ఆ సొమ్ము అసలు లండన్ దాటి వెళ్లేదే కాదు. అది తీసేస్తే వారానికి సుమారు 25 కోట్లు. అందులోనూ కొంత రైతులకీ, వెనుకబడిన ప్రాంతాలకీ తిరిగొచ్చేది. ఓటింగుకి నెల ముందే, ప్రభుత్వ లెక్కలు సరిగా వాడుతున్నారా లేదా అని చూసే సంస్థ ఇది తప్పుదోవ పట్టించే అంకె అని బహిరంగంగా చెప్పింది. బస్సు ఆగలేదు. పైగా అవతలి పక్షం వాళ్లు టీవీలో కూర్చుని 'అది 35 కాదండీ, 25' అని వాదించిన ప్రతిసారీ వినేవాడి చెవిన పడిందేమిటి? ఎలా చూసినా కోట్లు పోతున్నాయన్నమాట! ఖండించేవాళ్లే ఖర్చు లేకుండా దానికి ప్రచారం చేసిపెట్టారు. ఇది ఎలా జరిగిందో రెండు పేజీలు రాయి, చదువుతాను.

ఇంకాస్త లోపలికి వెళ్లు. అన్నీ వదిలేసి ఎన్‌హెచ్‌ఎస్ పేరే ఎందుకు రాశారు? ఆ మధ్య నువ్వే చెప్పావు కదా, పొద్దున్న 8 గంటలకి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చుంటే, లైన్ దొరికేసరికి ఆ రోజు స్లాట్లు అయిపోయాయని. ఏళ్ల తరబడి అలా కూర్చున్న ముసలాయన బస్సు చూసినప్పుడు కూడికలు, తీసివేతలు చేస్తాడా? నా బాధ వీళ్లకైనా తెలిసింది అనుకుంటాడు. నీ ఫోన్ ముచ్చట నాకు రాసిన ఉత్తరంలో ఉంది గానీ వ్యాసంలో లేదు. నీ దగ్గరున్న అసలు సరుకు అదే.

ఆ బస్సు మొదట బయల్దేరింది కార్న్‌వాల్‌లోని ట్రూరో నుంచి. ఇంగ్లండ్‌లో యూరప్ నిధులు బాగా అందుకున్న ప్రాంతాల్లో కార్న్‌వాల్ ముందుంటుంది. అదే కార్న్‌వాల్ 56.5 శాతంతో బయటికి పోదామని ఓటేసింది. మర్నాడే అక్కడి కౌన్సిల్, మాకు రావాల్సిన నిధులు ఆగవని హామీ ఇవ్వండి అని ప్రభుత్వాన్ని అడిగింది. లండన్‌లో నవ్వనివాడు లేడు. నువ్వూ నవ్వావు, 'కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారు' అని. మరి కార్న్‌వాల్ వాడి వైపు నుంచి చూడు. డబ్బొచ్చిన మాట నిజమే, రోడ్డు పక్కన బోర్డులు నిలబడ్డ మాటా నిజమే. జీతాలు మాత్రం దేశంలోని తక్కువ జీతాల్లో ఉండిపోయాయి. సముద్రం ఒడ్డున ఇళ్లన్నీ లండన్ వాళ్లు సెలవులకని కొనేసుకుంటే, అక్కడే పుట్టినవాడికి అద్దె ఇల్లు దొరకడం గగనమైంది. వాడు ఓటేసింది తప్పో ఒప్పో తర్వాత మాట్లాడుకుందాం. వాణ్ణి వెధవ అనేస్తే మాత్రం నీకు ఇక రాయడానికేమీ మిగలదు.

ఇక మీడియా. అన్నిటినీ కలిపి 'మీడియా' అని ఒక్క మాటతో కొట్టిపారేయకు. బ్రిటన్‌లో టీవీ వార్తలు నిష్పక్షపాతంగా ఉండాలని చట్టం ఉంది, ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చూస్తుంది. పేపర్లకి ఆ నిబంధన లేదు. అందుకే 1992 ఎన్నికలవగానే కన్జర్వేటివ్ పార్టీని గెలిపించింది మేమేనని 'సన్' పేపరు మొదటి పేజీలో జబ్బలు చరుచుకోగలిగింది. 2016 నవంబర్ 4న 'డెయిలీ మెయిల్' ముగ్గురు హైకోర్టు న్యాయమూర్తుల ఫోటోలు వేసి, ప్రజా శత్రువులు అని హెడ్డింగ్ పెట్టగలిగింది. వాళ్లు చేసిన నేరం ఏమిటంటే, యూరప్ నుంచి బయటికొచ్చే ప్రక్రియ మొదలుపెట్టడానికి పార్లమెంటు అనుమతి కావాలన్నారు. జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఫిబ్రవరికల్లా అట్లాంటిక్ అవతల ట్రంప్ అదే తిట్టు అమెరికా పత్రికల మీద ప్రయోగించాడు. ఒక దేశంలో జడ్జీల మీద పేపరు వేసిన నింద, ఇంకో దేశంలో పేపర్ల మీదే పడింది. ఈ రెండూ నీ వ్యాసంలో వేర్వేరు పేజీల్లో ఉన్నాయి, పక్కపక్కన పెట్టు.

అమెరికాలోనూ ఒకప్పుడు వివాదాస్పద విషయాల్లో రెండు వైపులా వినిపించాలని రేడియో, టీవీలకి నిబంధన ఉండేది. 1949లో వచ్చింది, 1987లో ఎత్తేశారు. మరుసటేడే ఒక వైపే గట్టిగా వాదించే రష్ లింబా రేడియో షో దేశమంతా మొదలైంది, 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది. అయితే అన్నిటికీ అదొక్కటే కారణమని రాసెయ్యకు. ఆ నిబంధన గాలిలో ప్రసారమయ్యే స్టేషన్లకే గానీ కేబుల్ ఛానెళ్లకి కాదు. ఇలాంటి చోట్లే తెలిసినవాళ్లు మన చెవి మెలిపెడతారు.

ఫాక్స్ గురించి నువ్వు రాసింది 'యజమాని చెప్పినట్టు ఆడే ఛానెల్' అని. 2020 ఎన్నికల్లో తమ ఓటింగు యంత్రాలతో మోసం జరిగిందన్న అబద్ధాలు ప్రసారం చేసిందని డొమినియన్ కంపెనీ ఫాక్స్ మీద వేసిన కేసు కాగితాలు చదివితే ఆ మాట అనవు. 2020 ఎన్నికల రాత్రి అరిజోనా బైడెన్‌ది అని అందరికంటే ముందు ప్రకటించింది ఫాక్సే. ప్రేక్షకులకి కోపమొచ్చి పోటీ ఛానెల్ న్యూస్‌మ్యాక్స్ వైపు పోవడం మొదలెట్టారు. అప్పుడు లోపల ఏం నడిచిందో కోర్టుకొచ్చిన మెసేజుల్లో ఉంది. ఫాక్స్ రిపోర్టర్ ఒకామె ట్రంప్ ట్వీటులో చెప్పింది నిజం కాదని రాస్తే, స్టార్ యాంకర్ టక్కర్ కార్ల్‌సన్ ఆమెని తీయించేయమని సహోద్యోగులకి మెసేజ్ పెట్టాడు. కంపెనీకి దెబ్బ తగులుతోంది, షేరు ధర పడిపోయింది అని! ఇదే మనిషి ఇంకో మెసేజులో ట్రంప్ అంటే తనకి ఒళ్లుమంట అని రాసుకున్నాడు. ఇక ఫాక్స్ యజమాని మర్డోక్‌ని లాయర్లు కూర్చోబెట్టి అడిగితే, ఇది ఎరుపూ నీలమూ కాదు, ఆకుపచ్చ అన్నమాటకి ఒప్పుకున్నాడు. ఎరుపు రిపబ్లికన్లు, నీలం డెమోక్రాట్లు, ఆకుపచ్చ డాలరు. 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు కట్టి కేసు వదిలించుకుంది.

చూశావా, అక్కడ భయం పైనుంచి కిందికి రాలేదు, కిందినుంచి పైకి పోయింది. ప్రేక్షకుడు రిమోట్ నొక్కుతాడేమోనని యాంకరుకి టెన్షన్, యాంకరు వెళ్లిపోతాడేమోనని యజమానికి టెన్షన్. నువ్వు రాసే వేదికలకీ ఈ రోగం ఉంది. నీ పాఠకుల్లో లైకు కొట్టేవాళ్లని మెప్పించడానికి ఏ వాక్యాలు రాశావో నిజాయితీగా గీత గీసి చూడు. పేజీకి మూడైనా దొరుకుతాయి.

మన వైపు అనుకునేవాళ్ల తప్పుల గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఇరాక్‌లో భయంకరమైన ఆయుధాలున్నాయన్న కథనాలు న్యూయార్క్ టైమ్స్‌లోనూ వచ్చాయి. తమ కవరేజిలో లోపాలున్నాయని వాళ్లే 2004 మేలో రాసుకున్నారు, అప్పటికి యుద్ధం ఏడాది దాటిపోయింది. బీబీసీ పనోరమా కార్యక్రమం ట్రంప్ ప్రసంగంలో 50 నిమిషాలకు పైగా ఎడమున్న రెండు ముక్కలు అతికి ఒకే మాటలా చూపించింది. 2025 నవంబర్‌లో డైరెక్టర్ జనరల్, వార్తా విభాగం అధిపతి ఇద్దరూ రాజీనామా చేయాల్సొచ్చింది. ఇవి దాస్తే, నీకంటే ముందు నీ ప్రత్యర్థే బయటపెడతాడు. అప్పుడు నువ్వు రాసిన నిజాలూ కొట్టుకుపోతాయి.

లీడ్స్ నుంచి లివర్‌పూల్‌కి రైలుంది కదా, ఒక శనివారం వెళ్లు. అక్కడ చాలా పేపరు షాపుల్లో 'సన్' అమ్మరు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాటలో చనిపోయిన లివర్‌పూల్ జట్టు అభిమానుల జేబులు సాటి అభిమానులే కొట్టేశారని ఆ పేపరు రాసింది, అబద్ధం. మొత్తం 97 మంది ప్రాణాలు పోయిన ఆ ఘటనలో అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చింది 2016లో. ఊరు ఇప్పటికీ మర్చిపోలేదు. షాపువాణ్ణి అడుగు, కాసేపు మాట్లాడనివ్వు. అక్కణ్ణుంచి సౌత్‌పోర్ట్ ఎంతో దూరం లేదు. 2024 జులైలో ముగ్గురు చిన్నపిల్లలు హత్యకు గురైనప్పుడు, చంపింది పడవలో వచ్చిన శరణార్థి అని ఒక తప్పుడు పేరు ఆన్‌లైన్‌లో చుట్టేసింది. నిందితుడు కార్డిఫ్‌లో పుట్టిన 17 ఏళ్లవాడు. మైనరు కాబట్టి మొదట్లో పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. పోలీసులు నోరు విప్పలేని ఆ ఖాళీలో పుకారు దూరింది. మర్నాటి సాయంత్రం మసీదు మీద పడ్డారు, గోడల ఇటుకలు పీకి పోలీసుల మీద విసిరారు. ఆ తర్వాతి రోజు చుట్టుపక్కల వాళ్లే వచ్చి గోడ తిరిగి కట్టారు. నువ్వు ఇటుకలు విసిరినవాళ్ల గురించే రాశావు. గోడ కట్టినవాళ్లదీ అదే ఊరు.

అమెరికా భాగంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఒక్కటీ ఉంచి మిగతాది కుదించు. ఒహాయోలో సుమారు 60 వేల జనాభా ఉన్న ఊరు, ఫ్యాక్టరీ పనులకి వేలమంది హైతీ వాళ్లు వచ్చారు. అద్దెలు పెరిగాయి, ఆస్పత్రుల్లో రద్దీ పెరిగింది, అదంతా నిజమే. ఆ నిజం మీద 'పెంపుడు కుక్కల్ని తింటున్నారు' అన్న పుకారు మొలిచింది. 2024 సెప్టెంబర్ 10 రాత్రి డిబేట్‌లో ట్రంప్ దాన్ని దేశమంతా వినేలా చెప్పాడు. అలాంటి ఫిర్యాదుకి ఆధారమే లేదని ఊరి అధికారులు చెప్పినా బాంబు బెదిరింపులతో స్కూళ్లు మూయాల్సొచ్చింది. అదే రోజు ఆ ఊరి సభలో ఒక తండ్రి లేచాడు. ముందటేడు హైతీ వ్యక్తి నడిపిన వాహనం స్కూల్ బస్సుని గుద్దినప్పుడు చనిపోయిన 11 ఏళ్ల పిల్లాడి తండ్రి. నా కొడుకుని చంపింది 60 ఏళ్ల తెల్లాయన అయినా బాగుండేది, అప్పుడు మీరంతా మమ్మల్ని ఇలా వదిలేసేవారు కదా అన్నాడు. నా బిడ్డ చావుని మీ రాజకీయాలకి వాడుకోవద్దని నాయకుల్ని పేరుపేరునా అడిగాడు. నీ నాలుగు పేజీల తిట్లకి ఆ మనిషి రెండు మాటలు సాటొస్తాయా?

ఆ వారంలోనే ట్రంప్ పక్కన వైస్ ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న జేడీ వాన్స్ టీవీలో, జనం బాధలు మీడియా పట్టించుకోవాలంటే కథలు సృష్టించాల్సొస్తే సృష్టిస్తాను అన్నాడు. మీడియా దృష్టి రప్పించడమే తన ఉద్దేశమని సర్దిచెప్పుకున్నాడు కూడా, అదీ రాయి. రెండు నెలలు తిరక్కుండా వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు, తణుకు దగ్గర వడ్లూరులో మన ఛానెళ్ల మైకులు, మన అల్లుడు వైస్ ప్రెసిడెంట్ అయ్యాడని సంబరం. ఇది ఎగతాళికి కాదు చెబుతున్నది, నువ్వు తెలుగులో రాస్తున్నావు కాబట్టి. నీ పాఠకుడికి స్ప్రింగ్‌ఫీల్డ్ తెలియదు, వడ్లూరు తెలుసు. సరిహద్దు దాటొచ్చేవాళ్లని తరిమేస్తే మనకేం అనుకున్నవాళ్లు మన బంధువుల్లోనూ ఉన్నారు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ మీద లక్ష డాలర్ల ఫీజు అనగానే అవే గ్రూపుల్లో గగ్గోలు. వాళ్లని దెప్పకు. ఏమనుకుని నమ్మారో అడిగి రాసుకో.

చివరగా ఒక లెక్క. రిఫార్మ్ పార్టీ అంతా మీడియా గాలిబుడగ అన్నావు. 2024 ఎన్నికల్లో వాళ్లకి 41 లక్షల ఓట్లు పడ్డాయి, 14 శాతం పైనే. సీట్లు ఐదు. అంతకంటే తక్కువ ఓట్లొచ్చిన లిబరల్ డెమోక్రాట్లకి 72. లేబర్‌కి మూడో వంతు ఓట్లతో 400 దాటాయి. మా గొంతు ఎవరూ వినడం లేదని ఫరాజ్ అన్నప్పుడు జనం ఎందుకు తలూపుతారో ఇందులో ఉంది. ఫరాజ్ నీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చడు. ఈ అంకెలు మాత్రం వ్యాసంలో ఉండాలి, అదీ ముందు పేజీల్లోనే.

తిరగరాసి వచ్చే నెల లోపల పంపు. శీర్షిక బాగుంది, దాని జోలికి పోకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న