రెండు రోజుల్లో ‘మాస్టర్’ అయిపోతారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి ప్లస్ టూ సైన్సు పాసయింది. రేకీ, ఎనర్జీ హీలింగ్ నేర్చుకుని అదే వృత్తిగా పెట్టుకుంటానంటోంది. విశాఖలో రెండు రోజుల శిక్షణకు 40 వేలు అడుగుతున్నారు. ‘మాస్టర్’ సర్టిఫికెట్ ఇస్తారట. కట్టమంటారా?
– ఒక తల్లి

జవాబు: కట్టకండమ్మా.

రేకీ అంటే ఒంటి మీద చేతులుంచి శక్తిని పంపి నయం చేస్తామనే పద్ధతి. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టాడు. చేయించుకున్నవాళ్లకు కాస్త టెన్షన్ తగ్గొచ్చు. జబ్బు నయమవుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. మన దేశంలో దీనికి డాక్టర్లకున్నట్టు అదుపు చేసే కౌన్సిల్ లేదు, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు. అంటే తప్పు జరిగితే అడిగే నాథుడే ఉండడు. మా మేనత్త ఒక హీలర్ మాట నమ్మి షుగర్ మాత్రలు ఆపేసింది. కాలి పుండు ముదిరి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆ హీలర్ చెడ్డవాడని నేననుకోను. ఎక్కడ ఆగాలో ఆయనకెవరూ నేర్పలేదు.

అందుకే డబ్బు కట్టే ముందు ఏ గురువునైనా ఒక్క మాట అడగాలి: “ఎలాంటి మనిషి వస్తే ‘ఇది నా పని కాదు, ఆసుపత్రికి వెళ్లు’ అని చెప్పాలో మీ శిక్షణలో నేర్పుతారా?” నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి. షుగర్, కేన్సర్, మూర్ఛ కూడా తగ్గిస్తామన్నారా, ఇక మాట్లాడక్కర్లేదు. మంత్రాలు, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

అమ్మాయి ఆసక్తిని కొట్టిపారేయకండి. ఆంధ్రా యూనివర్సిటీలో 1967లోనే కోనేరు రామకృష్ణారావు గారు సైకాలజీ, పారాసైకాలజీ శాఖ పెట్టారు. అతీంద్రియ శక్తులున్నాయా లేవా అని అక్కడ ప్రయోగాలతో పరీక్షించారు. ఆ కుతూహలం మీ పాపకుంటే సైకాలజీ డిగ్రీ, తర్వాత పీజీ చేయించండి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆపైన శిక్షణ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మందులు, మూలికల మీద మనసుంటే నీట్ రాసి బీఏఎంఎస్‌ అనే ఆయుర్వేద డిగ్రీలో చేరొచ్చు. పూరీలో గోపబంధు ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఎక్కువ కాలమే. కానీ రోగిని ముట్టుకునే ముందు ఆమాత్రం చదువు ఉండాలి.

పైన చెప్పిన ప్రశ్న మీరు కాదు, మీ అమ్మాయే ఫోన్ చేసి అడగాలి. వాళ్లేమన్నారో తనచేతే నాకు రాయించండి.