బెథెస్డా 1 అంటే ఒకటో స్టేజి కాదండీ

అమ్మగారి థైరాయిడ్ గడ్డకి గుంటూరులో ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నని సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) చేయిస్తే "బెథెస్డా 1" అని వచ్చింది, క్యాన్సర్ ఒకటో స్టేజా అని అడిగారు. కాదండీ. బెథెస్డా అంటే ఆ పరీక్ష ఫలితాన్ని 1 నుంచి 6 దాకా అంకెల్లో చెప్పే పద్ధతి. 1 అంటే శాంపిల్ చాల్లేదని, అంతే. అలాగని గడ్డ మంచిదనీ కాదు. ఈ రెండూ కలిపేసుకుంటారు చాలామంది. మామూలు గడ్డకి ఇచ్చే అంకె 2, క్యాన్సరని తేలితే 6. 5 అంటే గట్టి అనుమానం, 3, 4 మధ్యలో ఊగేవి.

శాంపిల్ సరిపోయిందనాలంటే స్లైడు మీద కనీసం పదేసి ఫాలిక్యులర్ కణాలు (థైరాయిడ్ సొంత కణాలు) ఉన్న గుంపులు 6 స్పష్టంగా కనబడాలి. రక్తం ఎక్కువ కలిసినా, నీటితిత్తిలోని ద్రవమే వచ్చినా ఆ లెక్క తప్పుతుంది. పాప్ అనే రంగు (కణాలు స్పష్టంగా కనబడేందుకు వేసేది) వేసే స్లైడు వెంటనే ఆల్కహాల్లో పడకపోతే కణాలు ఎండిపోయి, ఉన్నవీ చదవడానికి పనికిరావు.

పరీక్ష మళ్లీ చేయించేటప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, గడ్డ గట్టిగా ఉన్నచోట తీయమనండి. శాంపిల్ సరిపోయిందో లేదో అక్కడికక్కడే మైక్రోస్కోపులో చూసే పాథాలజిస్టు ఉంటే మరీ మేలు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. విజయవాడలో ఇంకొకరికి చూపిస్తానంటే కాగితమొక్కటే చాలదు, స్లైడ్లూ అడిగి తీసుకెళ్లండి. అన్నట్టు, స్కాన్ రిపోర్టులో ఉండే టైరాడ్స్ అంకె (స్కాన్‌లో గడ్డ ఎంత అనుమానంగా కనిపిస్తోందో చెప్పేది) వేరు, దాన్ని దీనితో పోల్చకండి.