డాక్టర్ సలహా: కౌన్సెలర్ ఇంగ్లీషులో అడిగితే ‘ఫైన్’ అని వచ్చేశాను

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది ఉట్నూరు దగ్గర గూడెం. ఇంట్లో గోండి మాట్లాడతాం, ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది, ఛాతీ మీద బరువు పెట్టినట్టుంటోంది. ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు నార్మల్. కాలేజీ కౌన్సెలర్ ఇంగ్లీషులో అడిగితే ‘ఫైన్’ అని వచ్చేశాను. అమ్మానాన్న నాగోబాకు మొక్కుకుందాం, వచ్చెయ్యమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: పరీక్షలు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన మీ బాధ లేనిదైపోదు. ఆందోళన, కుంగుబాటు చాలామందిలో ముందుగా ఒంట్లోనే బయటపడతాయి. మీ లక్షణాలు అటువైపే సూచిస్తున్నాయి గానీ, ముఖాముఖి మాట్లాడకుండా ఫలానా జబ్బని తేల్చడం సరికాదు.

‘ఫైన్’ అనడం మీ తప్పు కాదు. ‘బెంగ’ను ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పమంటే నేనూ తడుముకుంటాను, ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి అయినవారిని మూడో భాషలో గుండె విప్పమంటే నోట ‘ఫైన్’ తప్ప ఏమొస్తుంది? అందుకే ఆ కౌన్సెలర్ దగ్గరకే ఇంకొకసారి వెళ్లి, తెలుగులో మాట్లాడతానని మొదటే చెప్పండి. దడ ఎప్పుడు వస్తోందో, వైవా ముందా, మెస్‌లో ఒంటరిగా కూర్చున్నప్పుడా, ఒక చీటీ మీద రాసుకెళ్లండి. కుంగుబాటు తీవ్రతను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంది, అడగండి. గోండిలోనే చెప్పాలనిపిస్తే నమ్మకమున్న పెద్దవారిని తోడు తీసుకెళ్లండి. హాస్టల్ మిత్రులతో అనువాదం చేయించుకోవద్దు.

మీ యాసనో, తెగనో ఎవరైనా ఎగతాళి చేస్తున్నారా? మీరు రాయలేదు గానీ, అడగక తప్పదు. అదే కారణమైతే ‘సర్దుకుపో’ అనడం వైద్యం కాదు. కౌన్సెలర్‌తో పాటు కాలేజీ ఎస్సీ, ఎస్టీ సెల్‌కూ చెప్పాలి. సంస్కృతి, కులం వంటి ఏ వివక్షా లేకుండా మానసిక చికిత్స పొందే హక్కును, వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చింది. విశాఖపట్నంలో నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది.

మొక్కుకు తప్పక వెళ్లి రండి. అయినవాళ్ల మధ్య నాలుగు రోజులుంటే నిద్ర కాస్త కుదుటపడవచ్చు కూడా. చికిత్సను మాత్రం దానికోసం వాయిదా వేయకండి. డాక్టర్ మందులు రాస్తే, కుంగుబాటు మందుల గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపవద్దు.

ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు చెబితే తోటివారు నవ్వుతారని జంకుగా ఉంటే గాంధీ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, దగ్గరివారికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అది రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.