జర్మన్‌కు అరిటాకు, పక్క సీటువాడికి పేపర్ ప్లేటు

ప్రశ్న: నా వయసు 41. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజర్‌ని. టీమ్‌లో సగం మంది ఇక్కడ, సగం మంది జర్మనీలో. క్లయింట్ రియాద్‌లో. సెలవులు కలవవు, పండగలు కలవవు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి జర్మనీ వాళ్ళతో మీటింగ్ ఉంటుంది. సరిగ్గా అప్పుడే టీమ్‌లోని ముస్లిం సహోద్యోగి నమాజుకి వెళ్ళాలంటాడు. జర్మన్లేమో క్లయింట్ ముందే మొహం మీద ‘కుదరదు’ అనేస్తారు. ఆయుధ పూజ రోజు కంప్యూటర్లకు బొట్లు పెడితే కొందరు సంబరపడతారు, కొందరు ముడుచుకుపోతారు. కంపెనీ ఇచ్చిన కల్చరల్ ట్రైనింగ్ చార్టులు కూడా జత చేస్తున్నాను. శ్రావణంలో మా గృహప్రవేశానికి టీమ్ అందరినీ పిలిచాను. ఇక్కడికి పని మీద వచ్చిన జర్మన్ సహోద్యోగి చాలా సంతోషించాడు. మా అమ్మ పాతకాలం మనిషి కాబట్టి ముస్లిం సహోద్యోగికి మాత్రం వరండాలో పేపర్ ప్లేటులో పెట్టించింది. అతను ఏమీ అనలేదు. ఇప్పుడు వేరే ప్రాజెక్టుకి రిలీజ్ అడుగుతున్నాడు. ఇలాంటి సెన్సిటివ్ విషయాల్లో మేనేజర్‌గా నేను ఎలాంటి పాలసీ పెడితే బాగుంటుంది? (ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించాను.)

జవాబు: మీ ఆరు పేజీల్లో గృహప్రవేశం గురించి ఉన్నది పదకొండు లైన్లు, అదీ నాలుగో పేజీ అడుగున. నేను ఆ పదకొండు లైన్ల గురించే మాట్లాడతాను. మిగతావి ఇక్కడే గబగబా తేల్చేస్తాను, అవి అంత పెద్ద విషయాలు కావు.

శుక్రవారం మీటింగ్ 3 గంటలకి పెట్టుకోండి. జర్మనీలో అప్పుడు ఎండాకాలమైతే పదకొండున్నర, చలికాలమైతే పదిన్నర. వాళ్ళకి ఏ నష్టమూ లేదు. రియాద్‌లో ఆ రోజు ఎలాగూ సెలవే. సౌదీ 2013లో గురు, శుక్రవారాల సెలవును శుక్ర, శనివారాలకు మార్చుకుంది. యూఏఈ ప్రభుత్వం 2022 నుంచి శని, ఆదివారాలకు మారి, శుక్రవారం ఒక పూట పని పెట్టుకుంది. దేశాలకు దేశాలే వారాన్ని అటూ ఇటూ జరుపుకున్నాయి, మీరు రెండేళ్ళుగా ఒక్క మీటింగును గంటన్నర జరపలేకపోయారు. ఈద్ సంగతి అంటారా, రియాద్‌లో పండగ మామూలుగా మనకంటే ఒక రోజు ముందే వస్తుంది. నెలవంకతో వ్యవహారం. కాబట్టి ఆ వారంలో డెలివరీ తేదీలు బిగించుకోకండి. ఆయుధ పూజ ఇష్టమున్నవాళ్ళు చేసుకోవచ్చు, పక్కవాడి లాప్‌టాప్‌కి అడగకుండా కుంకుమ పెట్టకూడదు, అంతే. దీనికి పాలసీ ఎందుకు?

ఇక జర్మన్ల ‘కుదరదు’. వాళ్ళు ఆ పని కుదరదు అంటున్నారు, మీ మొహం చూడటం కుదరదు అనడం లేదు. నన్నడిగితే ప్రాజెక్టులు మునిగేది మన పిల్లల ‘చూస్తాను సార్’ దగ్గర. ఆ కుదరదు అనే మాట మీకు ఎందుకంత ఇబ్బందిగా ఉందో నాకు నాలుగో పేజీకి వచ్చాక అర్థమైంది.

మీ ఉత్తరంలో జర్మన్ సహోద్యోగికి పేరుంది. ఆయనకి పులిహోర నచ్చిందని ఉంది, ఆయన కూతురు గుర్రపుస్వారీ నేర్చుకుంటోందని ఉంది. రియాద్ క్లయింటుకీ పేరుంది. (పేర్లన్నీ నేనే తీసేశాను.) తొమ్మిదేళ్ళుగా మీ పక్క సీట్లో కూర్చున్న మనిషికి మాత్రం ఆరు పేజీల్లో ఎక్కడా పేరు లేదు. ‘ముస్లిం సహోద్యోగి’, పద్నాలుగు సార్లు. లెక్కపెట్టాను. అతని ఇల్లు టోలిచౌకిలో అని ఒకచోట జారింది. రోజూ నాలుగింటికి ఇద్దరూ కిందికి దిగి ఇరానీ చాయ్ తాగేవాళ్ళమని ఇంకోచోట ఉంది. మీ నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న నెలరోజులూ తన కారు మీకు వదిలేసి తను బస్సులో తిరిగాడని బ్రాకెట్లో రాశారు. అంత మాట బ్రాకెట్లో పెట్టడానికి మీకు చెయ్యెలా వచ్చిందో!

అలాంటివాడు మీ కొత్త ఇంటికి వచ్చాడు. లోపల హాల్లో అరిటాకులు వేశారు. జర్మన్ అతిథిని మీ అమ్మగారు చెయ్యిపట్టి కూర్చోబెట్టి, కొసరి కొసరి నెయ్యి వేశారు. ఇతనికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, పేపర్ ప్లేటు. మీరు వడ్డన మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్ళి ‘ఇంకొంచెం పెట్టించుకో’ అన్నారట. అతను ‘పర్లేదు భాయ్’ అన్నాడట. తిరుగు దారిలో కారులో ఆ జర్మన్, అతనొక్కడే బయట ఎందుకు కూర్చున్నాడని అడిగితే మీరు ‘అదొక కల్చరల్ థింగ్’ అన్నారు. అవతలివాడు తల ఊపి ఊరుకున్నాడు. మరి ట్రైనింగులో వాళ్ళకీ అదే నేర్పుతారు కదా, ఎదుటివాళ్ళ ఆచారాన్ని తప్పుపట్టకూడదని!

అది మడి అని మీరు రాశారు. మడి సంగతి నాకు తెలుసు, నల్లకుంటలో పుట్టి పెరిగినదాన్ని. మడి అయితే జర్మన్‌కీ వర్తించాలి. ఆయన ముందు రోజు రాత్రి హోటల్లో ఏం తిన్నాడో మీ అమ్మగారు అడిగారా? మీకు తెలిసి కూడా చెప్పలేదు. కాబట్టి ఆచారం పేరు ఎత్తకండి. ఒకడు దొర, ఒకడు టోలిచౌకి వాడు. వరండాలో జరిగింది అది.

ఆ చార్టులు చూశాను. హాఫ్‌స్టెడ్ అనే డచ్ పెద్దమనిషి ఐబీఎం ఉద్యోగుల సర్వేలు పట్టుకుని దేశాలకు అంకెలు వేశాడు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకుండా తల వంచే గుణంలో ఇండియాకి 77, జర్మనీకి 35. మీరు ఆ 77 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. మీరు అమ్మ ముందు నోరెత్తకపోవడానికి అందులో సాకు దొరికినట్టుంది. కానీ ఆ పట్టికలో ఇండియాకి ఒక్కటే అంకె. మీరూ అతనూ ఇద్దరూ ఆ అంకెలోనే ఉన్నారు. హాల్లోంచి వరండాకి ఉన్న పదిహేను అడుగుల దూరం ఆ చార్టులో దొరకదు. జర్మనీకీ హైదరాబాదుకీ మధ్య తేడాల గురించి అయిదున్నర పేజీలు రాశారు, అసలు తేడా మీ ఇంటి గుమ్మంలో ఉంది.

నాకు కనిపించే చిక్కు మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉంది. ఆఫీసులో ముప్ఫై మందికి పని చెప్పే మనిషి, ఆ రోజు ‘అమ్మా, ఇది కుదరదు’ అని రెండు మాటలు అనలేకపోయారు. పెద్దావిడ, శుభమా అని గృహప్రవేశం, నలుగురిలో అమ్మని బాధపెట్టలేను అంటారు. అమ్మ మాట జవదాటకపోవడం ఒకటి, అమ్మ ఒకరిని చిన్నబుచ్చుతుంటే మంచినీళ్ళ జగ్గు పట్టుకుని తలవంచుకుని తిరగడం ఇంకొకటి. ఆవిడ చెయ్యి ఆ క్షణాన ఆపి ఉంటే, ఇవాళ ఆవిడ గురించి నాలాంటి ముక్కూమొహం తెలియని దానికి ‘పాతకాలం మనిషి’ అని రాసుకోవాల్సి వచ్చేది కాదు. కొడుకుగా ఆవిడని అలా కాపాడుకోవడం మీ బాధ్యత. అది చేయలేదు.

పాతకాలం అన్నారు కాబట్టి ఒక మాట. మీ అమ్మగారి ఊరు జనగామ దగ్గర అని రాశారు. ఆ వైపు పల్లెల్లో పీర్ల పండగ చూశాను. పీర్లను ఎత్తుకున్నవాళ్ళలో, గుండం చుట్టూ ఆడినవాళ్ళలో, మొక్కు తీర్చుకుని మలీద పంచుకున్నవాళ్ళలో హిందువులు ఎంతమందో! పాతకాలంలో అంటు లేదని నేననను. వాకిట్లో వేరే గ్లాసులు బోర్లించి పెట్టిన ఇళ్ళు నాకూ తెలుసు. కానీ పాతకాలంలో రెండూ ఉన్నాయి. మీ అమ్మగారిని కూర్చోబెట్టి, చిన్నప్పుడు మీ ఊళ్ళో పీర్ల పండగ ఎలా జరిగేదని అడగండి. ఎత్తిపొడవడానికి కాదు, ఊరికే అడిగి వినండి. ఆవిడ ఎంతసేపు చెప్తారో చూడండి. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది చెప్పండి: ఇకమీదట మన ఇంట్లో అతని ఆకు ఎక్కడ వేస్తే నా ఆకూ అక్కడే. గొంతు పెంచకండి, ఉపన్యాసం ఇవ్వకండి. ఆవిడ రెండు రోజులు అన్నం మానేస్తారేమో, మానేయనివ్వండి. మూడో రోజు తింటారు. తల్లుల అలక సంగతి నాకు తెలియనిదా, నేనూ తల్లినే.

మీ భార్య ఆ రాత్రే మీతో ఏమన్నారో మీరే రాశారు: ‘మీ ఆకు పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చోవాల్సింది.’ ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదని ఫిర్యాదు కూడా చేశారు. అసలు జవాబు ఆవిడ అప్పుడే చెప్పేశారు. నాకు ఉత్తరం రాసింది అది కాకుండా ఇంకేదైనా జవాబు దొరుకుతుందనే.

నేనేదో ఒడ్డున నిలబడి చెప్తున్నాననుకోకండి. 1987లో నేను కోఠీలో ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. మా అమ్మాయి బారసాలకి నా పక్క టేబులావిడ మలక్‌పేట నుంచి రిక్షాలో వచ్చింది. పాపకి వెండి గజ్జెలు తెచ్చింది. మా మామగారు ఆవిడకి గాజుగ్లాసులో టీ ఇప్పించి, తర్వాత ఆ గ్లాసు పారేయమన్నారు. పారేసింది నేనే, ఆవిడ ఇంకా గేటు దాటకుండానే. చప్పుడు వినిపించే ఉంటుంది. మర్నాడు ఆఫీసులో ఆవిడ నన్ను అడిగింది ఒకటే, గజ్జెలు సరిపోయాయా అని. పెద్దాయన, ఏం చేస్తాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ రిటైరై చికాగోలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. నంబరు నా దగ్గరుంది. ఇన్నేళ్ళలో ఫోను చేసి పండగ శుభాకాంక్షలు చెప్పాను గానీ ఆ మాట మాత్రం చెప్పలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు ఏం చేయాలంటే, ముందు అతని రిలీజ్ అప్రూవ్ చేయండి. అది మీ చేతిలో పెట్టుకుని వెళ్ళి క్షమాపణ అడిగితే దాన్ని క్షమాపణ అనరు, మేనేజరు ఒత్తిడి అంటారు. అతను ‘సరే భాయ్, ఉంటాలే’ అని మొహమాటానికి ఉండిపోతాడు, మీ డెలివరీ గట్టెక్కుతుంది, ఆ మనిషికి రెండోసారి అన్యాయం జరుగుతుంది. అప్రూవ్ చేశాక ఒక సాయంత్రం టోలిచౌకి వెళ్ళండి. మీటింగ్ రూములో వద్దు, మెయిల్లో అసలే వద్దు, హెచ్‌ఆర్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని వద్దు. మీ అమ్మగారిని వెంట తీసుకెళ్ళి తమాషా చేయొద్దు. బిర్యానీ తెప్పించి ‘చూడు, మీ ఇంట్లో తింటున్నాను’ అన్నట్టు మొహం పెట్టొద్దు. ఏది పెడితే అది తినండి, చాయ్ ఒక్కటే ఇస్తే చాయ్ తాగండి, ఏమీ పెట్టకపోతే అది అతని ఇష్టం.

అక్కడ ‘అమ్మ పెద్దావిడ’ అన్న మాట మీ నోట్లోంచి రాకూడదు. ‘నువ్వు తప్పుగా అనుకుంటావేమోనని’ అనీ అనకూడదు. అతను తప్పుగా ఏమీ అనుకోలేదు, జరిగింది జరిగినట్టే అనుకున్నాడు. ‘నేను చూశాను, చూసి ఊరుకున్నాను, అది నా తప్పు’ అనండి. పేరు పెట్టి పిలిచి అనండి. అతను వినొచ్చు, వినకపోవచ్చు. ‘అరే ఛోడో భాయ్’ అని నవ్వేసి మాట మార్చొచ్చు. మార్చితే ఊరుకోండి. తొమ్మిదేళ్ళ స్నేహం ఒక్క సాయంత్రంలో అతుక్కోదు. నాలుగింటి చాయ్‌కి మళ్ళీ పిలవాలా వద్దా అన్నది ఇక అతని వంతు.

ఆ జర్మన్‌కి కూడా ఒక మాట బాకీ ఉన్నారు. ఈసారి కాల్‌లో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి, ఆ రోజు కారులో నేను చెప్పింది నిజం కాదు, అది మా కల్చర్ కాదు, నాకు ధైర్యం చాలలేదు అని. వాళ్ళు సూటిగా మాట్లాడతారని మీ ఫిర్యాదు కదా, ఆయనేమంటాడో ఆ సూటిమాట కూడా విని రండి.

శుక్రవారం మీటింగ్ ఈ వారమే మార్చండి, అతని రిలీజ్ కోసం ఆగకండి. అతను వెళ్ళిపోయినా 3 గంటలకే ఉంచండి. ఎందుకు మార్చారని జర్మనీ వాళ్ళు అడిగితే క్యాలెండర్ సమస్య అని నసగకుండా, జుమ్మా నమాజు టైమ్ అని చెప్పండి.