బెంగళూరులో మా శనివారం గోల్ఫ్ గుంపు: పంచాంగం, పసుపు గ్లవ్, ఒక సోమవారం

"బెంగళూరులో పన్నెండుమంది తెలుగువాళ్ళం శనివారాలు గోల్ఫ్ ఆడటం మొదలుపెట్టాం, ఏటా ఏమేం పెట్టుకుంటే గుంపు నిలుస్తుంది?" అని అడిగారు. మాది పద్నాలుగేళ్ళ గుంపు. నలుగురితో మొదలై ఇప్పుడు ఇరవై రెండుమందిమి అయ్యాం. మధ్యలో రెండుసార్లు విడిపోబోయాం కూడా, రెండుసార్లూ డబ్బు దగ్గరే. ఆ సంగతి కింద చెప్తాను.

మొదట్లో మేం చేసిన పొరపాటు, పెద్ద క్లబ్బుల క్యాలెండర్ని ఉన్నదున్నట్టు దించేసుకోవడం. ఈ ఊళ్ళో బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నుంచి ఉంది, వాళ్ళకి సాగుతుంది. మేమేమో నెలనెలా మెడల్ పోటీ అన్నాం, అమెరికా, యూరప్ జట్లు ఆడే రైడర్ కప్పులాగా రెండు జట్లన్నాం. మూడో నెలకల్లా ఎవరికీ తేదీలు గుర్తులేవు. మన పండగలకి ముడేసినవి మాత్రం నిలబడ్డాయి. ఉగాది ఎప్పుడో ఎవరికీ మెయిల్ పెట్టి గుర్తుచేయక్కర్లేదు కదా.

ఉగాది తర్వాత వచ్చే మొదటి శనివారం మాకు సంవత్సరాది. పొద్దున ఆరుంబావుకి మొదటి టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) దగ్గరికి స్టీలు క్యారియర్లో పచ్చడి వస్తుంది, తలా ఒక చెంచా. తర్వాత పంచాంగ శ్రవణం. మాలో బ్యాంకులో రిటైరైన కర్నూలు పెద్దాయన ఒకరున్నారు. టీషర్టు మీద కండువా వేసుకుని, స్కోరు కార్డు వెనకాల రాసుకొచ్చింది పంతులుగారి గొంతుతో చదువుతారు. కిందటేడు నాకు "ఆదాయం 2, వ్యయం 41, రాజపూజ్యం 1, అవమానం 9" అని వచ్చింది. ఆదాయమంటే ఏడాదిలో కొట్టిన బర్డీలు (పార్ అంటే హోలుకి లెక్కగట్టిన దెబ్బలు, అంతకంటే ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ), వ్యయమంటే చెరువుకి సమర్పించిన బంతులు. రాజపూజ్యం గెలిచిన శనివారాలు. అవమానం, బంతిని వదిలేసి గాలిని కొట్టిన దెబ్బలు. ఈ లెక్కలన్నీ ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుని ఆయనకి చెప్పేది మా బ్యాగులు మోసే క్యాడీలు. కాబట్టి అప్పీలు లేదు.

ఆ రోజే కొత్త కెప్టెన్ తొలి దెబ్బ. ఇది మాత్రం స్కాట్లండ్ ఆచారమే. సెయింట్ ఆండ్రూస్‌లో రాయల్ అండ్ ఏన్షంట్ క్లబ్ కొత్త కెప్టెన్ ఏటా సెప్టెంబరులో మొదటి టీ నుంచి బంతి కొడితే, దూరంగా నిలబడ్డ క్యాడీలు దానికోసం ఎగబడతారు. బంతి తెచ్చినవాడికి కెప్టెన్ బంగారు సావరిన్ ఇస్తాడు. మేం సావరిన్‌కి బదులు రెండువేలు పెట్టాం. మొదటేడు మా క్యాడీ కుర్రాళ్ళు ఏడుగురు రెండువందల గజాల అవతల, కబడ్డీ కూతకి వెళ్ళేవాడిలా వంగి నిలబడ్డారు. మా కెప్టెన్ చేతులు వణికాయో ఏమో, డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్బు) అంచుకి తగిలిన బంతి ఇరవై అడుగులు దొర్లి కుడిపక్క కాలవ గట్టున ఆగింది. మోకాళ్ళ నొప్పితో అక్కడే బ్యాగు మీద ఆనుకుని నిలబడ్డ ముసలి క్యాడీ, అందరూ తాత అంటారు, మెల్లగా వంగి తీసి జేబులో వేసుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి ఏడూ ఆ ఏడుగురూ టీ పక్కనే వచ్చి నిలబడతారు. కొత్త కెప్టెన్‌కి అంతకంటే సన్మానం ఉండదు.

దసరాకి ఆయుధ పూజ. బెంగళూరులో ఆటోకీ లేత్ మెషీన్‌కీ చేసినప్పుడు గోల్ఫ్ సెట్టుకి చెయ్యకపోతే ఎలా? బ్యాగులన్నీ వరసగా నిలబెట్టి బంతిపూల దండ వేసి కుంకుమ పెడతాం, బగ్గీ చక్రాల కింద నిమ్మకాయలు. బూడిద గుమ్మడికాయ మాత్రం గేటు బయటే కొట్టండి. గడ్డి మీద కొడితే మాలీలు ఊరుకోరు, వాళ్ళది న్యాయమే. ఇంకో మాట, పసుపు గ్రిప్పుల మీద రాయకండి. మంచు తడికి అది గ్లవ్‌కంటుకుని, నా తెల్ల గ్లవ్ ఆ సీజనంతా పెళ్ళికొడుకు చెయ్యిలాగే ఉండింది.

ఇక వీటన్నిట్లో నాకు ప్రాణమైనది దసరా తర్వాత వచ్చే సోమవారం. మేం ఆడే చోట సోమవారం సభ్యులకి కోర్సు మూసేస్తారు, ఆవేళ క్యాడీలు ఆడుకోవచ్చు. క్లబ్బువాళ్ళని అడిగి, ఆ ఒక్క రోజు మా సెట్లతో వాళ్ళాడేలా, బ్యాగులు మేం మోసేలా పెట్టుకున్నాం. పద్దెనిమిది హోళ్ళు బ్యాగు మోస్తే తెలుస్తుంది, మనం ఇన్నాళ్ళూ అక్కర్లేని క్లబ్బులు, అంటే బంతి కొట్టే కర్రలు, ఎన్ని వేసుకు తిరుగుతున్నామో. నా క్యాడీ ముళబాగిలు వైపు కుర్రాడు, సగం తెలుగు, సగం కన్నడం. నా సెట్టుతో పార్ 72కి 74 కొట్టాడు. కార్డు నా చేతికిస్తూ, "సార్, మీ సెవన్ ఐరన్‌లో తప్పేం లేదు" అన్నాడు. అంతకుముందు వారమే నేను ఆ క్లబ్బు మార్చేస్తానని తిరుగుతున్నాను. బిడది దగ్గరి చిక్కరంగప్ప ఈగల్టన్ కోర్సు పక్కన పెరిగే కదా ఇవాళ ప్రొఫెషనల్ గోల్ఫర్ అయింది. మీరు ఒక్క కార్యక్రమమే పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. దసరా మామూలు కూడా ఆ రోజే ఇస్తాం, కవర్లో పెట్టి.

డబ్బు సంగతి. మొదటేడు హ్యాండీక్యాప్‌లు (ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులోంచి తీసేసే దెబ్బలు) సరిగా లేకుండా పందెం కాశాం. బాగా ఆడే ఇద్దరే అన్నీ ఎత్తుకుపోయారు, మిగతావాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. ఇప్పుడు స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్లే. హ్యాండీక్యాప్ తీసేశాక పార్‌కి 2, బర్డీకి 3, బోగీకి (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ) 1, అంతకంటే చెడితే సున్నా. ఒక హోల్లో పది కొట్టినా ఆ ఒక్క హోలే పోతుంది, రోజు పోదు. అధికారిక హ్యాండీక్యాప్ లేని కొత్తవాళ్ళకి డబుల్ పియోరియా అనే లెక్క వాడతాం. ముందే పన్నెండు హోళ్ళు రహస్యంగా ఎంచి కవర్లో పెడతాం. ఆట అయ్యాక వాటి స్కోరుని ఒకటిన్నరతో హెచ్చించి, పార్ తీసేసి, మిగిలినదాంట్లో 80 శాతం ఇస్తాం. ఆ పన్నెండు హోళ్ళలో 68 కొట్టాడనుకోండి, 102 లోంచి 72 పోతే 30, అందులో హ్యాండీక్యాప్ 24. పందెం తలకి యాభై రూపాయలు, అంతకు పైసా ఎక్కువ వద్దు.

రెండో గొడవ హోల్ ఇన్ వన్, అంటే టీ నుంచి ఒక్క దెబ్బకే బంతి గుంతలో పడటం. కొట్టినవాడే అందరికీ తాగించాలని ఎక్కడైనా ఆచారం. మాలో ఒకబ్బాయి, కొత్త ఫ్లాటు ఈఎంఐలో ఉన్నవాడు, పార్ త్రీలో ఎనిమిదో ఐరన్‌తో కొట్టాడు. అందరూ గంతులేస్తుంటే వాడు మాత్రం ఫోన్లో బ్యాలెన్సు చూసుకుంటున్నాడు. బిల్లు దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరు నెల్లాళ్ళు రాలేదు. ఆ తర్వాత ఉగాది నాడే తలా ఐదువందలు వేసి నిధి పెట్టాం. ఎవరు కొట్టినా ఖర్చు అందులోంచే. ఎవరూ కొట్టకపోతే కార్తీక వనభోజనాలకి పోతుంది. వనభోజనాలంటే మా ఆడవాళ్ళూ పిల్లలూ వచ్చేది ఆ ఒక్క రోజే. పొద్దున తొమ్మిది హోళ్ళే ఆడతాం, తర్వాత పిల్లలకి పటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించే) పోటీ. పులిహోర, గోంగూర ఇళ్ళ నుంచే వస్తాయి. బయటి భోజనానికి క్లబ్బు ఒప్పుకోకపోతే దగ్గర్లో తోట ఏదైనా చూసుకోండి. కార్తీకంలో ఆదివారం టీ టైములు తొందరగా అయిపోతాయి, ముందే అడిగి పెట్టుకోండి.