సిగ్నల్ చలాన్‌కు కోర్టు సమన్లు వచ్చాయి: ఒప్పుకోవాలా, కాదనాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బండి మీద మూడు చలాన్లు ఉన్నాయి. హెల్మెట్‌ది మీ తప్పే అంటున్నారు. రెండోది త్రిబుల్ రైడింగ్, అది అసలు మీ బండే కాదంటున్నారు. మూడోది సిగ్నల్ దాటారని. దానికే ఇప్పుడు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. "మూడూ కట్టేసి వదిలించుకోవాలా, వెళ్ళి వాదించాలా, లాయర్ ఫీజే చలాన్ కంటే ఎక్కువవుతుందేమో" అని అడిగారు. లోక్ అదాలత్‌కు వెళ్ళమని ఎవరో చెప్పారని కూడా రాశారు. నేను లాయర్‌ని కాను. తెలంగాణలో పదిహేనేళ్ళుగా బండి మీద ఆసుపత్రులు తిరిగే మెడికల్ రెప్‌ని. అచ్చం మీలాంటి రెండు చలాన్ల మీద కొట్లాడాను. ఒకటి కోర్టు దాకా పోకుండానే తేలింది, రెండోదానికి బోనెక్కాను.

హెల్మెట్ చలాన్ ఈ రోజే కట్టేయండి. మిగతా రెండూ ఇప్పుడే కట్టొద్దు.

చలాన్ అంటే పోలీసులు మన మీద చేసిన ఆరోపణ. తీర్పు చెప్పాల్సింది మేజిస్ట్రేట్. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాలకు ప్రభుత్వం పెట్టిన మొత్తం కట్టేస్తే కేసు అక్కడితో ముగుస్తుంది. దాన్ని కాంపౌండింగ్ అంటారు, ఒక రకంగా రాజీ. ఆ తర్వాత మీరు చేశారా లేదా అని ఎవరూ అడగరు. తప్పు మనదైతే అంతకంటే సులువైన దారి లేదు. తప్పు మనది కాకపోతే మాత్రం, నోరు విప్పే అవకాశాన్ని మనమే డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టు.

ముందు ఫోటో చూడండి. చాలామంది ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చదివి, మొత్తం చూసి, తిట్టుకుంటూ కట్టేస్తారు తప్ప ఈ-చలాన్ సైట్‌లో ఉన్న ఫోటో తెరవరు. మా ఆవిడ స్కూటీ మీద ఒకసారి హెల్మెట్ లేదని చలాన్ పడింది. ఆ రోజు బండి ఇంటి ముందే ఉంది, తను పుట్టింటికి వెళ్ళింది. ఫోటో తెరిస్తే అదే కంపెనీ, అదే బూడిద రంగు స్కూటీ. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. పెద్దది చేసి చూశాక నంబర్ ప్లేటు చివరి అంకె దగ్గర ఆగిపోయాను. మాది 8. ఫోటోలో ఉన్నది 3, దాని ఎడమ పక్క సందులో బురద ఎండి అతుక్కుపోయి ఉంది. ఇంకా చూస్తే ఆ బండికి వెనక చీర చిక్కకుండా పెట్టే గార్డు లేదు. మాదానికి కొన్న రోజు నుంచీ ఉంది. మా బండిని అదే రకంగా వెనక నుంచి, అదే దూరంలో ఫోటో తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి, అంకె దగ్గర ఎర్ర సున్నా చుట్టి, చలాన్ నంబర్, ఆర్సీ జత చేసి సైట్‌లో ఫిర్యాదు పెట్టాను. పదకొండు రోజులకు చలాన్ తీసేశారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

మీ త్రిబుల్ రైడింగ్ చలాన్‌కు ఇదే చేయండి. అయితే ఒక తేడా గమనించండి. ఫోటోలో అంకె వేరైతే అది చూసినవాళ్ళ పొరపాటు, ఫిర్యాదుతో పోతుంది. అంకెలన్నీ అచ్చంగా మీవే ఉండి బండి మాత్రం వేరైతే, ఎవరో మీ నంబర్ తగిలించుకుని తిరుగుతున్నారని అర్థం. అప్పుడు సైట్‌లో ఫిర్యాదుతో ఆగొద్దు. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. మా బావమరిది 2022 మార్చిలో పాత చలాన్లకు రాయితీ ఇచ్చినప్పుడు (బైకులకు నాలుగో వంతు కడితే చాలన్నారు) తనది కాని చలాన్ కూడా "పోనీలే, కొంచెమే కదా" అని కట్టేశాడు. రెండు నెలలు తిరక్కుండా అదే దొంగ నంబర్ మీద ఇంకో రెండు వచ్చాయి. 2023 డిసెంబరులో మళ్ళీ రాయితీ ఇచ్చారు, ఈసారి బైకులకు 80 శాతం. మన తప్పుకు రాయితీ వస్తే సంతోషంగా వాడుకుందాం. మనది కాని తప్పును తక్కువ ధరకు కొనుక్కోవడం ఎందుకండీ?

ఇక సిగ్నల్ కేసు.

నాది 2024 ఆగస్టులో పడింది. వెయ్యి రూపాయలు, పైన 35 యూజర్ చార్జీ. నేను కట్టలేదు, ఫిర్యాదు పెట్టినా జవాబు రాలేదు. కొన్ని నెలలకు కానిస్టేబుల్ సమన్లు తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఇంట్లో అందరూ కంగారు పడ్డారు. మా అమ్మ అయితే రెండు పూటలు సరిగా తినలేదు. అందుకే చెబుతున్నా, ఈ చిన్న కేసుల్లో కోర్టుకు వెళ్ళినంత మాత్రాన ఎవరూ లోపల వేయరు. భయపడాల్సింది వెళ్ళకపోతేనే. సమన్లు అందుకుని వాయిదాకు పోకపోతే వారెంటు వస్తుంది, అప్పుడు వెయ్యి రూపాయల వ్యవహారం కాస్తా పెద్దదవుతుంది.

ఆ రోజు హాలు నిండా నాలాంటివాళ్ళే. పేరు పిలవడం, బోను దగ్గరికి వెళ్ళడం, "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడగడం, "ఒప్పుకుంటున్నా మేడమ్" అనడం, జరిమానా చెప్పడం. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టలేదు. నా ముందు నిలబడ్డ కుర్రాడు ప్రశ్న పూర్తి కాకముందే ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక "నేను ఆ రోడ్డు మీదికే పోలేదన్నా, తొందరగా అయిపోతదని" అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ ప్రశ్న మన కోసమే అడుగుతారు. కాదు అనడానికి చట్టం మనకిచ్చిన జాగా అదే.

నన్ను పిలిచారు. "ఒప్పుకోవడం లేదు మేడమ్, నేను ఫ్రీ లెఫ్ట్ తీసుకున్నాను" అన్నాను. ఫ్రీ లెఫ్ట్ అంటే ఎర్ర లైటు ఉన్నా ఎడమకు తిరిగే వీలు. జడ్జి గారు తలెత్తి చూశారు, కోపంగా ఏమీ కాదు. "అడ్వకేట్ ఉన్నారా?" అని అడిగారు. నేనే చెప్పుకుంటానన్నాను. సాక్ష్యానికి వాయిదా వేశారు. బయటికొచ్చి ఛార్జిషీటు, ఫోటో కాపీలు అడిగి తీసుకున్నాను. మీరూ మొదటి రోజే అడగండి. మన మీద ఏం రాశారో చూడకుండా ఏం జవాబు చెబుతాం?

రెండో వాయిదాకు సాక్షి రాలేదు, సగం రోజు పోయింది. మూడోసారి ఫోటో తీసిన కానిస్టేబుల్ వచ్చాడు. ఈలోపు నేను ఆ కూడలికి వెళ్ళి ఫ్రీ లెఫ్ట్ బోర్డును, దాని వెనక సిగ్నల్ స్తంభాన్ని ఒకే ఫ్రేములో వచ్చేలా తీసి పెట్టుకున్నాను. చలాన్ ఫోటోను ఏ4 సైజులో ప్రింట్ చేయించాను. ఫోన్‌లో కనపడనిది కాగితం మీద కనపడింది. నా బండి ఎడమ ఇండికేటర్ నారింజ రంగులో వెలిగి ఉంది, ముందు చక్రం ఎడమకు తిరిగి ఉంది. సిగ్నల్ లైటు మాత్రం ఫోటోలో ఎక్కడా లేదు. నేను అడిగినవి మూడే ప్రశ్నలు. మీరెక్కడ నిలబడి తీశారు? ఈ ఫోటోలో ఎర్ర లైటు ఎక్కడుంది? బండి ఎటు తిరుగుతోంది? ఆ కానిస్టేబుల్ నిజాయితీపరుడు. "లైటు ఫోటోలో రాలేదు మేడమ్, బండి ఎడమకే తిరుగుతోంది" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రోజు సాయంత్రమే కేసు కొట్టేశారు. మూడు సగం రోజులు, ప్రింట్లకు అరవై రూపాయలు.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. ఫోటోలో ఎర్ర లైటు, స్టాప్ లైన్, మీ నంబర్ మూడూ స్పష్టంగా ఉంటే వాదన కోసం వాదించకండి. ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి: చలాన్‌లో ఉండేది రాజీ మొత్తం. విచారణ జరిగి నేరం రుజువైతే కోర్టు చట్టంలో ఉన్న జరిమానా మేరకు వేయొచ్చు. ఎర్ర లైటు దాటడం 2019 సవరణ తర్వాత 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లోకి వస్తుంది. దానికి మొదటిసారికే 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు కూడా చట్టంలో రాసి ఉంది. అలాగే ఫ్రీ లెఫ్ట్ బోర్డు ఉన్నచోటే ఫ్రీ లెఫ్ట్. బోర్డు లేనిచోట ఎర్ర లైటు ఎడమకు తిరిగేవాళ్ళకూ ఎర్ర లైటే. మీరూ ఎడమకే తిరిగి ఉంటే, అక్కడ బోర్డు ఉందో లేదో ముందు వెళ్ళి చూసి రండి.

మీది కెమెరా తీసిన చలాన్ అయితే ఇంకొన్ని చూడాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021 ఆగస్టులో 167ఏ అని ఒకటి చేర్చారు. దాని ప్రకారం కెమెరాకు ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. కెమెరా నిఘా ఉందని రోడ్డు మీద బోర్డు పెట్టాలి. నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. ఫోటోతో పాటు తేదీ, సమయం, చోటు ఉండాలి. కెమెరా ఫోటో అయినా, కానిస్టేబుల్ చేతిలోని ఫోన్ ఫోటో అయినా అది ఎలక్ట్రానిక్ సాక్ష్యమే కాబట్టి దానికి సర్టిఫికెట్ జతపరచాలి. 2024 జులై నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, అంతకుముందు పాత చట్టంలో 65బీ. ఇవి అడగండి, తప్పకుండా అడగండి. కానీ వీటి మీదే మొత్తం భారం వేయొద్దని నా అభిప్రాయం. "నోటీసు ఆలస్యం" అన్న ఒక్క మాట కంటే "నేను చేయలేదు, ఇదిగో చూడండి" అన్నదే జడ్జి గారి ముందు బలంగా నిలుస్తుంది.

చలాన్ పాతదైతే కోర్టులో కేసు ఎప్పుడు వేశారో ఛార్జిషీటు మీద తేదీ చూడండి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలకు ఆరు నెలల లోపు, ఏడాది వరకు జైలు ఉన్నవాటికి ఏడాది లోపు కోర్టు కేసును స్వీకరించాలి. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) 514వ సెక్షన్. గడువు దాటి ఉంటే మొదటి వాయిదాలోనే చెప్పండి.

లాయర్ సంగతి. ఒక్క సిగ్నల్ చలాన్‌కు అక్కర్లేదు, మన కథ మనమే చెప్పుకోవచ్చు. తాగి నడిపిన కేసైనా, యాక్సిడెంట్ కేసైనా, లైసెన్సు పోయే ప్రమాదమున్నా మాత్రం ఒంటరిగా వెళ్ళకండి. డ్రంకెన్ డ్రైవ్‌కు (185వ సెక్షన్, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే) సైట్‌లో కట్టేసే వీలే లేదు, కోర్టుకు వెళ్ళాల్సిందే. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. దాని ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. లోక్ అదాలత్‌కు వెళ్ళమని మీకు ఎవరో చెప్పారన్నారు కదా. అది రాజీ వేదిక. అక్కడ తేలినదాని మీద అప్పీలు ఉండదు. హెల్మెట్ లాంటివాటికి బాగుంటుంది, "నేను చేయలేదు" అనేవాళ్ళకు అది చోటు కాదు.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఈ మూడు చలాన్లు తేలేలోపు "చలాన్ వివరాలు చూడండి" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే ముట్టుకోవద్దు. అది మోసం, ఫోన్‌లోకి దూరి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. ప్రభుత్వ ఈ-చలాన్ సైట్ చిరునామా జీఓవీ డాట్ ఇన్‌తోనే ముగుస్తుంది.

సమన్ల మీద కేసు నంబరుతో పాటు సీఎన్‌ఆర్ నంబర్ అని 16 అక్షరాలు, అంకెలు ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడండి, వాయిదా తేదీ మారినా తెలుస్తుంది. ఆ రోజు పదిన్నర అని రాసి ఉంటే పదింటికల్లా హాలు బయట ఉండండి, పేర్లు ఒక్కసారే గట్టిగా పిలుస్తారు. ఆర్సీ, లైసెన్సు, ఆధార్ జిరాక్సులు, ఫోటోల పెద్ద ప్రింట్లు మూడు సెట్లు తీసుకెళ్ళండి: జడ్జి గారికి ఒకటి, ఏపీపీకి (ప్రభుత్వం తరఫున వాదించే లాయర్‌కు) ఒకటి, మీ చేతిలో ఒకటి. మీ చలాన్ ఫోటోలో సిగ్నల్ లైటు కనిపిస్తోందా లేదా అన్నది చూసి ఇక్కడే రాయండి, నంబర్ ప్లేటు చెరిపేసి ఫోటో పెట్టినా సరే, చూసి చెబుతాను.