కారు షెడ్డును గది చేయాలంటే గచ్చు లేపితే చాలదు

ప్రశ్న: మాది శ్రీకాకుళంలో సొంత ఇల్లు. ప్లానులో కారు షెడ్డు చూపించాం. ఇప్పుడు కారు లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మేడ ఎక్కలేకపోతోంది. వాన నీరు రాకుండా షెడ్డు గచ్చును అడుగున్నర లేపి, షట్టర్ తీసేసి గోడ కట్టి, గది చేద్దామనుకుంటున్నాం. ‘గచ్చు వేసుకోడానికి పర్మిషన్ ఏంటండీ’ అంటున్నాడు మేస్త్రి. నిజమేనా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మేస్త్రి మాటలో సగం నిజం ఉంది. ఉన్న గచ్చు తీసి కొత్తది వేసుకుంటే మామూలుగా ఎవరూ అడగరు. మీరు చేసేది అది కాదు. పార్కింగ్ అని చూపించి అనుమతి పొందిన చోటును నివాసంగా మారుస్తున్నారు. దానికి సవరించిన ప్లాను కావాలి. కారు అమ్మేసినా ప్లానులో పార్కింగ్ అలాగే ఉంటుంది. దాన్ని తీసేస్తే బండి పెట్టుకునే చోటు స్థలంలో ఇంకెక్కడుందో చూపమంటారు. ఇంటి ముందు రోడ్డు లెక్కలోకి రాదు.

అసలు చిక్కు ఎత్తు దగ్గర వస్తుంది. ఈ రోజే టేపు పట్టి షెడ్డు గచ్చు నుంచి శ్లాబు అడుగు దాకా కొలవండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఏసీ లేని నివాస గదికి 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు ఉండాలి. గ్యారేజీకి 2.4 మీటర్లు చాలు. బేస్‌మట్టం, అంటే చుట్టూ ఉన్న నేల మీద గచ్చు ఎత్తు, గదికైతే 45 సెంటీమీటర్లు, గ్యారేజీకి 15. మీ షెడ్డు 9 అడుగులు ఉందనుకోండి, అడుగున్నర లేపితే ఏడున్నరే మిగులుతుంది. నీళ్లు రాకుండా చేసిన పనే తల మీదకొస్తుంది! ఫ్యాను కింద మంచం వేసుకుని పడుకోవాల్సింది అమ్మగారే కదా. అందుకే ప్లాను గీయించే ముందు లైసెన్సున్న ఇంజనీరును ఇంటికి పిలిచి చూపించండి.

ఇంటి మీద బ్యాంకు లోను ఉంటే అగ్రిమెంటులో మార్పుల గురించి ఏం రాశారో చదవండి. పక్కింటి వైపు గోడకు కొత్త కిటికీ మాత్రం పెట్టొద్దు. చాలా ఫిర్యాదులు అక్కడే మొదలవుతాయి.

‘ముందు గది కట్టేద్దాం, బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం) వస్తే జరిమానా కట్టుకుందాం’ అనే సలహా వినొద్దు. ఆ పథకాలు ఫలానా తేదీకి ముందు కట్టినవాటికే వర్తించాయి. కొత్త గదికి ఇంటిపన్ను కట్టినంత మాత్రాన అది సక్రమం కాదు.

పని మొదలెట్టేశాక కార్పొరేషన్ నోటీసు వస్తే పని ఆపి, అందులో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. నోటీసు తీసుకోనంటే తలుపుకు అంటించి వెళ్తారు, గడువు మాత్రం ఆగదు.